ఎడమవైపు దీపం

కారు కొనడమంటే ఇన్ని ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాలని సమ్మెటకి తెలియదు. డబ్బు కడితే తాళం చేతిలో పెడతారనుకున్నాడు. తీరా వచ్చి కూర్చున్నాక షోరూం అమ్మాయి ఒక పెద్ద తెర ముందుపెట్టి, కారుని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా ఎలా కావాలో అడుగుతోంది. చక్రాలు ఎలాంటివి, చక్రాల సందుల్లోంచి కనబడే బ్రేకులకి ఏ రంగు, సీటు తోలుదా గుడ్డదా, బెల్టు నల్లదా ఎర్రదా.

"తయారైపోయిన బండి తెచ్చి అమ్మడం కాదండీ. మీరు చెప్పాకే ఫ్యాక్టరీలో మొదలుపెడతారు. అచ్చంగా మీ కోసమే," అంది.

"చెప్తాం, చెప్తాం. నువ్వు ఎక్కించుకోమ్మా," అన్నాడు అన్న.

జవాబులన్నీ అన్నే చెబుతున్నాడు. పొట్టిమనిషి, ఎద్దు మెడ, ఒకప్పుడు తనూ తిన్న దెబ్బలకి చెవులు రెండూ నలిగి ముద్దకట్టిపోయాయి. సమ్మెట బాక్సింగ్ రింగులోకి దిగిన నాటినుంచీ అతను ఏం తినాలో, ఎంతసేపు పడుకోవాలో, ఎవడితో కొట్టుకోవాలో అన్నే తేలుస్తున్నాడు. కారు దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకుంటాడని ఎవరూ అనుకోరు.

"రంగు ఎరుపు. వెనక పొగగొట్టం బాగా అరిచేది పెట్టు. వీధి మలుపు తిరుగుతుంటేనే ఇంట్లో మా ఆవిడకి వినబడాలి. సీటుకి తల ఆనించుకునే చోట 'సమ్మెట' అని కుట్టించు."

"కుట్టుకి దారం ఏ రంగు వెయ్యమంటారు?"

"కుట్లా? మావాడికెప్పుడూ నల్లదారమే వేస్తారు," అని తమ్ముడి కనుబొమ్మ మీది మచ్చని వేలితో చూపించి, తన జోకుకి తనే పగలబడి నవ్వాడు అన్న. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక తెరవైపు తిరిగి ఎర్రదారం నొక్కింది.

సమ్మెటకి ఎరుపు ఇష్టంలేదు. రోజూ చూసే రంగే అది. తెరమీద కిందివరసలో పలకలాంటి నీలం ఒకటుంది, అతని కళ్లు దానిమీదే ఉన్నాయి. ఇంకొకటి కూడా అడగాలని ఇంటిదగ్గరే అనుకుని వచ్చాడు. గొంతు సవరించుకుని అడిగాడు.

"గేర్లు చేత్తో మార్చుకునేది దొరుకుతుందా?"

అమ్మాయి మొహం వెలిగింది. "దొరుకుతుందండీ! ఈ బండికి అసలు మజా అదే. ఈ రోజుల్లో అడిగేవాళ్లే లేరు."

"ఆటోమేటిక్ పెట్టమ్మా," అన్నాడు అన్న. "చెయ్యి ఎప్పుడు విరుగుతుందో ఎవడికి తెలుసు? విరిగిన చేత్తో గేర్లేం మారుస్తాడు?"

అమ్మాయి సమ్మెటవైపు చూసింది. సమ్మెట బల్లమీద నమూనాకి పెట్టిన సీటు తోలుముక్కల్ని సర్దుతూ ఉండిపోయాడు. రింగులో ఎదటివాడి పళ్లు రాలగొట్టే మనిషి అన్న ముందు ఒక రంగు పేరు పైకి చెప్పలేకపోవడం చూస్తే నవ్వొస్తుంది. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

"ఏదైనా మార్చుకోవాలంటే శుక్రవారం సాయంత్రందాకా టైముందండీ," అంది అమ్మాయి. "షోరూం మూసేటప్పుడు ఆర్డర్ లాక్ అయిపోతుంది. ఆ తర్వాత మేం కూడా వేలుపెట్టలేం."

"శనివారం ఫైట్. ఆ డబ్బుతోనే నీ కారు. గెలిచాక పేపర్లో ఫొటో చూసుకో," అంటూ అన్న లేచాడు.

బయటికొస్తుంటే సమ్మెట ఎడమభుజం తలుపు పక్కనున్న స్తంభానికి దబ్బున తగిలింది. అమ్మాయి అయ్యో అంది. "మనకి దెబ్బలు కొత్తా ఏంటండీ," అని నవ్వేశాడు. స్తంభం అతనికి కనబడలేదు. ఎండాకాలంలో ఒక ఫైట్ తర్వాత ఎడమకంట్లో మెరుపులు మొదలయ్యాయి. మెరుపులు తగ్గి, కంటి మూల బూడిదరంగు మరక ఒకటి మిగిలింది. అది రోజురోజుకీ పాకి ఇప్పుడు కంటిని ముప్పాతిక మూసేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫైట్ లేదు, ఫైట్ లేకపోతే కారు లేదు, ఆ మాటకొస్తే అతనే లేడు, ఎందుకంటే కొట్టడం తప్ప అతనికి మరో పని రాదు. శనివారం ఒక్కటి గెలిచి, ఆ తర్వాత డాక్టరు దగ్గరకి వెళదామనుకున్నాడు. అందరికంటే ముందు అన్నకి తెలియకూడదు. తెలిసిన క్షణంలో గ్లవ్స్ ఊడబీకి ఇంట్లో కూర్చోబెడతాడని అతని గట్టి నమ్మకం.

*

మంగళవారం పొద్దున్న పాత గోడౌన్‌లో, వాళ్ల రింగు దగ్గర, అన్న తమ్ముడి చేతులకి పట్టీ చుట్టాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, బొటనవేలు చుట్టూ తిప్పి, ఒక్కో వేలి సందులోంచీ లాగి, మెటికల మీద మందంగా మడతలు వేసి బిగించాడు. చుడుతున్నంతసేపూ మాట్లాడడు. చుట్టడం అయ్యాక ఆ పిడికిలిని తన అరచేతిలో వేసి కొట్టి చూస్తాడు. అదొక్కటే అతను తమ్ముణ్ణి మెత్తగా ముట్టుకునే సమయం.

"కుడికాలు ముందుకి," అన్నాడు.

అదీ ఎండాకాలం నుంచే. అంతకుముందు సమ్మెట అందరిలాగే ఎడమకాలు ముందుంచి నిలబడేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి అన్న నిలబడే తీరే మార్పించాడు. కుడికాలు, కుడిభుజం ముందుకి, గడ్డం ఎడమభుజం మీదికి. "ఎదటివాడికి తికమక పుట్టాలి, అదే మన కొత్త ఎత్తు," అన్నాడు. కాలు తప్పినప్పుడల్లా పాత సైకిలు ట్యూబుతో తొడమీద ఒక్కటిచ్చేవాడు. తొడ కమిలి నల్లబడి, తగ్గి, మళ్లీ నల్లబడి, చివరికి కాలు దానంతటదే ముందుకెళ్లడం నేర్చుకుంది.

శనివారం తలపడబోయేవాడిది కుడిచేతి దెబ్బ. చెయ్యి దూరంనుంచి విసిరి తలకి పక్కనుంచి కొడతాడు. అందుకని అన్న ఒక బస్తాల కూలీని తెచ్చాడు. మంచి బలిష్ఠుడు, రోజుకూలి తీసుకుని దెబ్బలు తినడానికి ఒప్పుకున్నవాడు. "నువ్వు కుడిచెయ్యి ఒక్కటే విసరాలి, పక్కనుంచి, ఆగకుండా," అని వాడికి చెప్పాడు.

మొదటి దెబ్బ సమ్మెట తప్పించుకున్నాడు. రెండోదీ తప్పించుకున్నాడు. మూడోది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు. కణత మీద పడింది. చెవిలో గుయ్‌మంది. నాలుగోది అదే చోట పడింది. అన్న రింగు బయటనుంచి ట్యూబుతో పిక్కమీద కొట్టి "గడ్డం! గడ్డం అటు తిప్పరా!" అని అరిచాడు. సమ్మెటకి ఒళ్లు మండింది. కనబడని దెబ్బ తగిలితే వచ్చేది నొప్పి కాదు, ఉక్రోషం. కూలీ మీదికి దూకి పొట్టలో రెండు గుద్దాడు. వాడు వంగాడు. వంగినవాణ్ణి కిందనుంచి లేపి కొట్టాడు. వాడు తాళ్లమీదికి ఒరిగిపోయి "చాలు, చాలన్నా" అన్నాడు. సమ్మెట ఆపలేదు. పక్కటెముకల మీద గుద్దుతుంటే పచ్చికట్టె విరిగినట్టు చప్పుడొచ్చింది. అన్న ఆ చప్పుడు విని కూడా కాసేపు ఊరుకున్నాడు, తమ్ముడి కాళ్లు ఎలా కదులుతున్నాయో చూడ్డం కోసం. అప్పుడు గంట కొట్టాడు.

కూలీ బకెట్లోకి ఊసి, అందులోంచి ఒక పన్ను ఏరుకుని కట్టుపంచె మడతలో దోపుకున్నాడు. "ఏంటన్నా, తమ్ముడికి నామీద అంత కోపం?" అన్నాడు ముద్దగా.

"కోపం కాదురా, ప్రాక్టీసు," అన్నాడు అన్న.

ఇంటికొచ్చాక వదిన మంచుముక్కలు గుడ్డలో కట్టి తెచ్చింది. ఆమె ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వంట చేసినదానికంటే దెబ్బలకి మంచు పట్టిందే ఎక్కువ.

"రెండే సీట్ల కారంటగా! నన్నెక్కడ కూచోబెడతావ్, డిక్కీలోనా?"

"నువ్వు ముందుసీట్లో వదినా. డిక్కీ అన్నకి."

"ఆయన పట్టడు. మెడ బయటికుంటుంది," అంటూ ఆమె గుడ్డని ఎడమ కణతకి ఆనించింది. సమ్మెట ఉలిక్కిపడి అంత ఎత్తున ఎగిరాడు. మంచుగుడ్డ నేలమీద పడి ముక్కలు చెల్లాచెదురయ్యాయి.

"చెయ్యి చూళ్లేదా?" అంది వదిన.

"కళ్లు మూసుకున్నాలే."

మూసుకోలేదని ఆమెకి తెలుసు. వంగి మంచుముక్కలు ఏరుకుంది.

*

బుధవారం అన్న ఫైట్ జరగబోయే హాలు చూసుకోవడానికి వెళ్లగానే సమ్మెట ఒక్కడే షోరూంకి వెళ్లాడు. దారిపొడుగునా పెదాలు కదుపుతూ వెళ్లాడు. నీలం, చేతి గేరు. నీలం, చేతి గేరు.

"నీలమా? నేనూ అదే అనుకున్నానండీ మీకు," అంది అమ్మాయి. "ఉండండి, మొదట్నుంచీ ఒకసారి చదివేస్తాను, ఏదీ తప్పిపోకుండా." తెరమీద వేలు కిందికి లాగుతూ చదివింది. చక్రాలు, బ్రేకులు, పొగగొట్టం, ఎర్రదారం. "తర్వాత పక్క అద్దాల్లో హెచ్చరిక దీపాలు..."

"అవేంటి?"

"డ్రైవరు కంటికి ఆనని చోట పక్కనుంచి ఏదైనా బండి వస్తోందనుకోండి, అద్దంలో చిన్న దీపం వెలుగుతుంది."

"అది మేం చెప్పలేదే?"

"నిన్న మీ అన్నయ్యగారు ఫోన్ చేసి చేర్పించారండీ." ఆమెకి నవ్వొచ్చింది. "కుడివైపు అక్కర్లేదు, ఎడమవైపు ఒక్కటే పెట్టమన్నారు. అలా ఒకవైపే ఇవ్వరండీ, రెండూ కలిపే వస్తాయని చెప్పాను. కుడిది అనవసరం కదమ్మా అని చాలాసేపు వాదించారు."

సమ్మెట తెరవైపు చూస్తూనే ఉన్నాడు.

"ఎడమవైపే ఎందుకని అడగలేదా?"

"అడిగానండీ. 'మావాడికి అటుపక్క కాస్త...' అని ఆగిపోయారు. తర్వాత, స్పీడుగా నడుపుతాడులే అన్నారు." ఆమె తల ఎత్తింది. "రంగు మార్చేయనాండీ? నీలం?"

అతను అప్పటికే లేచాడు. తలుపు తోసుకుని వీధిలో పడ్డాడు.

అన్నకి తెలుసు. కుడికాలు ముందుకి తెప్పించింది అందుకు. కనబడే కంటిని ముందుకి తెచ్చి కనబడని కంటిని వెనక్కి తోశాడు. గడ్డం అటు తిప్పించింది అందుకు. రింగు మూలలో ఎప్పుడూ ఎడమన కూర్చునేవాడు కుడికి మారింది అందుకు. కొత్త ఎత్తు! సమ్మెట ఆ మాట గుర్తొచ్చి పళ్లు కొరుక్కున్నాడు. తను ఇన్నాళ్లూ దొంగలా దాచుకున్నదాన్ని అన్న ముందే లెక్కలోకి తీసుకుని, దానిమీదే ఫైట్ ఒప్పుకొచ్చాడు. చివరికి కారులో దానికొక దీపం కూడా కొనిపెట్టాడు. ప్రేమే! సమ్మెట ఎటూ చూడకుండా విసవిసా నడిచాడు.

అప్పుడే ఎడమ కణతమీద ఏదో గట్టిగా పొడిచింది. నిన్నటి దెబ్బమీదే తగిలింది. అతను ఆలోచించలేదు. తిరిగి, కనబడిన మొహంమీద కుడిచేత్తో కొట్టాడు.

నిచ్చెన రోడ్డుమీద పడింది. దాన్ని మోస్తున్న పెయింటర్ వెల్లకిలా పడ్డాడు. డబ్బాలోని తెల్లరంగు కాలవకట్టి అతని చొక్కాలోకి పారింది. నడివయసు మనిషి, నలుపూ తెలుపూ కలిసిన గడ్డం. దవడ పట్టుకుని లేవబోయి లేవలేక కూర్చుండిపోయాడు.

"అరిచాను కదయ్యా," అన్నాడు. దవడ ఒకవైపుకి జరిగిపోయి మాట సరిగా రాలేదు. "పక్కకి జరగమని చెయ్యి కూడా ఊపాను కదా."

జనం పోగయ్యారు. "రేయ్, సమ్మెటరా!" అన్నారెవరో. ఇంకొకడు ఫోన్ తీసి పట్టుకున్నాడు. ఒక ముసలావిడ మాత్రం "పనిచేసుకునేవాణ్ణి కొట్టడానికి చేతులెలా వచ్చాయి నీకు?" అని మొహంమీదే అడిగింది. సమ్మెట వంగి పెయింటర్ని లేవదీయబోయాడు. ఆ మనిషి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, తెల్లరంగులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరిగాడు. సమ్మెటని చూసి రింగులో ఎంతోమంది భయపడ్డారు, అది అతనికి బాగుండేది. ఇప్పుడు సిగ్గేసింది. ఎవరో ఆటో పిలిచి పెయింటర్ని ఎక్కించారు. రంగంటిన బూటు గుర్తులు ఇంటిదాకా వచ్చాయి.

*

గురువారం ఫైటుకి ముందు చివరి ప్రాక్టీసు. అన్న చేతులకి ప్యాడ్లు తొడుక్కుని రింగు మధ్యలో నిలబడ్డాడు. కూలీ తన బాకీ దినకూలి కోసం వచ్చి, విరిగిన పక్కటెముకమీద చెయ్యి వేసుకుని, గోడవారగా బల్లమీద కూర్చున్నాడు.

"తేలిగ్గా. చెమట పట్టేదాకా చాలు," అన్నాడు అన్న. "ఒకటి, రెండు. ఒకటి..."

సమ్మెట తేలిగ్గా కొట్టలేదు. ప్యాడు అన్న మొహానికి తగిలేంత గట్టిగా కొట్టాడు.

"తేలిగ్గా అన్నానురా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఏంటి తెలిసేది?"

"ఎడమవైపు దీపం."

అన్న చేతులు ఒక్క క్షణం గాల్లోనే ఆగాయి. తర్వాత మళ్లీ ప్యాడ్లు ఎత్తాడు. అబద్ధం ఆడలేదు. "ఎండాకాలంలో మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నావు చూడు. ఆరోజు నుంచి."

"మరి అనలేదే?"

"నువ్వు చెప్పలేదేం?"

"నువ్వు ఆపేస్తావని చెప్పలేదు!" సమ్మెట గొంతు గోడౌనంతా మోగింది. "నీకు తెలిస్తే నన్ను రింగెక్కనివ్వవని, అందుకని దాచాను. శనివారం ఫైట్ నువ్వు ఒప్పుకున్నది ఆ గ్లాసు తర్వాతే కదా? చెప్పు. తర్వాతే కదా?"

"అవును."

సమ్మెట కొట్టాడు. ఈసారి ప్యాడుమీద కాదు. అన్న ముక్కు పగిలిన చప్పుడు తనకే స్పష్టంగా వినిపించింది. అన్న చేతులు ఎత్తలేదు. తమ్ముడికి దెబ్బ తప్పించుకోవడం నేర్పినవాడు ఆ దెబ్బని చూస్తూ నిలబడి తిన్నాడు. రెండోది పొట్టలో, మూడోది అక్కడే. మోకాళ్లమీద కూలబడ్డాడు. ముక్కులోంచి రక్తం ప్యాడ్లమీద కారుతోంది. సమ్మెట అన్న మెడ పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. బల్లమీది కూలీ లేవలేదు, అరవలేదు, అడ్డురాలేదు. కాలుమీద కాలేసుకుని చూశాడు. అతనికి ఆరోజు కూలి అక్కడే ముట్టింది.

"ఒక్కటిరా," అన్నాడు అన్న నేలమీదనుంచి, రక్తం మింగుతూ. "ఈ ఒక్కటీ గెలిస్తే జీవితంలో మళ్లీ ఎవడి ముందూ నిలబడక్కర్లేదు నువ్వు. అందుకే ఒంటికంటితో గెలిచేలా తయారుచేశాను. చేశానా లేదా? రాత్రీ పగలూ అదే పనిగా చేశాను."

"నా కన్ను నన్నడక్కుండా అమ్మేశావు."

అన్న రక్తమంటిన ప్యాడ్లు రెండూ ఊడదీసి పక్కన పెట్టాడు.

సమ్మెట పళ్లతో పట్టీ ముడి విప్పుకున్నాడు. "శనివారం కొడతాను. నీ కోసం కాదు, నా కారు కోసం. ఆ తర్వాత నీకూ నాకూ సంబంధం లేదు."

ఇంట్లో వదిన మొగుడి మొహం చూసింది. మెట్లమీద పడ్డానన్నాడు. మెట్ల దెబ్బ ఏదో పిడికిలి దెబ్బ ఏదో ఆమెకి వేరే చెప్పాలా? మరిది వైపు తిరిగింది. సమ్మెట గోడకేసి చూస్తూ మొత్తం చెప్పేశాడు. కంటి సంగతి, దీపం సంగతి, పెయింటర్ సంగతి.

ఆమె చాలాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒకడికి కన్ను పోతోంది. ఇంకొకడికి అది పోతున్నట్టు తెలుసు. పిచ్చిదానిలాగా నేను మంచు పడుతూ కూర్చున్నాను," అంది. "మీ ఇద్దరిలో ఎవడు పెద్ద మూర్ఖుడో తేల్చుకుని చెప్పండి. మంచు అప్పుడు తెస్తాను." లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆరోజు ఆ ఇంట్లో ఎవరి వాపుకీ మంచు లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం హాల్లో బరువు తూచారు. ఎదటివాడు నిజంగానే పొడుగు చేతులవాడు. ఫొటోలకోసం ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడితే వాడు కావాలనే సమ్మెట ఎడమ చెవి దగ్గరకి మొహం తెచ్చి "రేపు నిన్ను మీ అన్న కూడా గుర్తుపట్టడు," అన్నాడు. నిర్వాహకుడు భలే భలే అన్నాడు. కెమెరాలు మెరిశాయి. ముక్కుమీద ప్లాస్టరు, రెండు కళ్లకిందా నలుపుతో అన్న వెనక నిలబడ్డాడు. పొద్దుట్నుంచీ అన్నదమ్ముల మధ్య ఒక్క మాట లేదు.

తర్వాత డాక్టరు. ఆయనొక బల్ల వేసుకుని, వరసలో వచ్చినవాళ్ల బీపీ చూసి, ఊపిరి విని, నాలిక చూసి సంతకం పెడుతున్నాడు. వెనక గోడకి అక్షరాల పటం. సమ్మెట వరసలో నిలబడ్డంతసేపూ మంచికంటితో ఆ పటాన్ని కింది గీతదాకా కంఠస్థం చేశాడు. చిన్నప్పుడు బడిలో ఇంత శ్రద్ధగా చదివుంటే బతుకు ఇంకోలా ఉండేది.

"కుడికన్ను మూసుకో."

మూసుకున్నాడు. ఎదుట బూడిదరంగు తప్ప ఏమీ లేదు. గడగడా అప్పజెప్పేశాడు. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

"భేష్," అన్నాడు డాక్టరు, పెన్ను అందుకుంటూ. "రాత్రి బాగా నిద్రపో."

సమ్మెట చెయ్యి దించాడు. గుండె నెమ్మదించింది. అయిపోయింది. ఈ సాయంత్రంలోగా షోరూంకి ఫోన్ చేసి నీలం చెబుతాడు, రేపు కొడతాడు. డాక్టరు సంతకం మొదలుపెట్టాడు.

అప్పుడు, సమ్మెట కుర్చీకి ఎడమపక్కకొచ్చి నిలబడిన అన్న, చెయ్యి పూర్తిగా వెనక్కి తీసి, బారుగా విసిరి, తమ్ముడి చెంపమీద కొట్టాడు.

ఆ చప్పుడుకి హాలంతా ఇటు తిరిగింది. సమ్మెట కుర్చీతో సహా పక్కకి ఒరిగి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పిడికిలి బిగించి లేచాడు. లేచినవాడు అన్నని చూడలేదు, డాక్టరు మొహం చూశాడు. డాక్టరు పెన్ను కాగితంమీదే ఆగిపోయింది. ఆ చెయ్యి వస్తుండగా ఆయన చూశాడు, అటుపక్క నిలబడ్డ ఎదటివాడు చూశాడు, నిర్వాహకుడు చూశాడు. చూడనిది సమ్మెట ఒక్కడే. దెబ్బలు తప్పించుకోవడమే బతుకుగా ఉన్న మనిషి, అంత దూరంనుంచి అంత తీరిగ్గా వచ్చిన దెబ్బకి తల తిప్పలేదు, భుజం ఎత్తలేదు, కనురెప్ప కూడా వెయ్యలేదు.

"వాడికి ఎడమకన్ను లేదు డాక్టరుగారూ," అన్నాడు అన్న. "పటం బట్టీపట్టాడు. నాకు ముందునుంచీ తెలుసు. తెలిసే తీసుకొచ్చాను."

"కూర్చో బాబూ," అన్నాడు డాక్టరు సమ్మెటతో, కాగితం పక్కకి తోసేసి.

నిర్వాహకుడు అన్న కాలర్ పట్టుకున్నాడు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. నీ లైసెన్సు పీకిస్తాను, ఈ ఊళ్లో ఒక్క రింగు దగ్గరికి కూడా రానివ్వను అన్నాడు. అన్న కాలర్ విడిపించుకోలేదు. ఎదటివాడు మాత్రం చొక్కా తొడుక్కుంటూ, ఒకసారి తన కుడిచెయ్యి చూసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

డాక్టరు అటునుంచి అటే కంటి ఆసుపత్రికి పంపించాడు. అక్కడ చుక్కలమందు వేసి, దీపాలు వేసి, చాలాసేపు చూశారు. లోపలి పొర గోడనుంచి ఊడి వేలాడుతోందట. ఈ సాయంత్రమే కోస్తే కొంచెం వెలుతురు మిగలొచ్చు, చూపు మాత్రం రాదు, ముందే తీసుకొస్తే వచ్చేది, అని చెప్పి పెద్ద డాక్టరమ్మ లోపలికి వెళ్లింది.

అన్నదమ్ములిద్దరూ వరండాలో బెంచీమీద కూర్చున్నారు. సమ్మెట చెంపమీద వేళ్ల అచ్చులు ఎర్రగా పొంగాయి. వదినకి కబురు వెళ్లింది, ఇంకా రాలేదు. అన్న జేబులో ఫోన్ మోగింది. షోరూం అమ్మాయి. ఆమె మాటలు పక్కకి కూడా వినిపిస్తున్నాయి.

"ఇంకాసేపట్లో ఆర్డర్ లాక్ అయిపోతుందండీ. మీ తమ్ముడుగారు రంగు మారుస్తామని సగంలో వెళ్లిపోయారు. ఏమైనా మార్చాలా?"

అన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం చెప్పమంటావురా?" అని అడిగాడు. అలా అడగడం అతనికి అలవాటులేదు, మాట ఎక్కడో తట్టుకుంటూ వచ్చింది.

"వద్దని చెప్పు."

"వద్దంటున్నాడమ్మా," అన్నాడు అన్న ఫోన్‌లో.

"ఏది వద్దండీ? ఎరుపా? దీపాలా?"

"కారే వద్దమ్మా."

ఫోన్ పెట్టేశాడు. ఇక ఏడుపు ఆగలేదు. పగిలిన ముక్కుతో ఏడవడం కష్టం, ఊపిరి అందక నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా ఎక్కెక్కి ఏడ్చాడు. దారినపోయే నర్సు ఒకామె ఆగి చూసి వెళ్లింది. సమ్మెటకి అన్నమీద జాలి కలిగింది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ రెండూ ఒకేచోట ఎలా పడతాయో అతనికి అర్థంకాలేదు. మందు వేసిన కళ్లకి ఎదురుగా ఉన్న గోడ కూడా అలుక్కుపోయి కనిపిస్తోంది.

"ఎండాకాలంలోనే కొట్టాల్సింది అన్నా ఆ దెబ్బ," అన్నాడు.

లోపలినుంచి ఆపరేషన్‌కి పిలిచారు. సమ్మెట లేచి చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలికి వెళ్లాడు.